డిస్కులను దాచుకోవడం – 4వ పాఠం: పేరు రాసే వైపు

సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కుల గురించి కిందటి పాఠంలో "డిస్క్ మీద పేరు, తేదీ రాసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. దేనితో రాయాలో చెప్పలేదు. కొందరు బాల్‌పెన్‌తో ఒత్తి రాశారు, కొందరు కాగితం స్టిక్కర్ అంటించారు. ఇప్పుడు ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయని టెన్షన్ పడుతున్నారు. అందుకే ముందు ఈ సంగతి తేల్చేద్దాం.

అందరూ మెరిసే వైపునే జాగ్రత్తగా చూసుకుంటారు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలికార్బొనేట్ ప్లాస్టిక్కే. లేజర్ కాంతి దాన్ని దాటి, పేరు రాసే వైపున ఉన్న పల్చటి లోహపు పొరను తాకి వెనక్కి వస్తుంది. ఆ పొరకు కాపలా సన్నటి వార్నిష్ పూత ఒక్కటే. కింద గీత పడితే పాలిష్ చేసి చాలాసార్లు బతికించుకోవచ్చు. పైన పడితే డేటా పొరే ఊడిపోతుంది, ఇక చేసేదేమీ లేదు. ఘాటు వాసన వచ్చే మార్కర్ సిరా కూడా ఆ పూతలోకి దిగవచ్చు.

స్టిక్కర్ అంటించినవాళ్లు దాన్ని పీకకండి! పొర దాంతోపాటే వచ్చేస్తుంది. ముందు డేటా కాపీ చేసుకోండి.

డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి పెన్ను దెబ్బ అంతగా తగలదు. స్టిక్కర్ వేస్తే మాత్రం తిరిగేటప్పుడు ఊగుతుంది. బ్లూ-రే ఇందుకు తలకిందులు: మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే డేటా. నేనైతే ఏ డిస్కయినా నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం మీద, నీటి సిరా మార్కర్‌తో నంబరు మాత్రం వేస్తాను. మిగతా వివరాలు నోట్‌బుక్‌లో.

దాచడం తెలిసిందే: గట్టి కేసులో, నిలువుగా, చీకట్లో, 20 డిగ్రీల లోపు, తేమ 50 శాతం దాటని చోట. మనం ఇంట్లో డేటా ఎక్కించుకునే సీడీ, డీవీడీల్లో డేటా ఉండేది రంగు పొరలో, అది ఎండకు పాడవుతుంది. పదేపదే చెరిపి రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కుల్లో ఏదీ దాచకండి. డబ్బా మీది "100 ఏళ్లు" అన్న మాట, డిస్కును కొన్నాళ్లు వేడిలో, తేమలో ఉంచి అంచనాగా వేసిన లెక్కే, నిజంగా వందేళ్లు చూసింది కాదు. నేను ఐదేళ్లకోసారి కొత్త డిస్క్ మీదికి ఎక్కించేస్తాను.

అభ్యాసం: మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత పది డిస్కులు తీయండి. ఒక్కోదాన్ని మొత్తంగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఎక్కడ నెమ్మదించిందో రాసుకోండి. ఫైళ్ల జాబితా కనబడగానే బాగుందనుకోవద్దు. ఆ జాబితా సాధారణంగా లోపలి అంచు దగ్గర ఉంటుంది, చెడటం చాలాసార్లు బయటి అంచు నుంచి మొదలవుతుంది.