డౌన్‌లోడ్ నొక్కితే డాక్యుమెంట్ బదులు ఇంకేదో వస్తోందా? సమస్య, కారణం, పరిష్కారం

ఏదో సైట్లో మంచి డాక్యుమెంట్ కనిపిస్తుంది, చదవడానికి వస్తుంది కానీ దించుకోవడానికి రాదు, దాంతో ఆ లింక్ తీసుకెళ్లి ఏదో ఫ్రీ డౌన్‌లోడర్‌లో పేస్ట్ చేస్తాం, తలనొప్పి అక్కడ మొదలవుతుంది. ఒక్క మాట ముందే చెప్తా. మీకు కావాల్సింది ఫైల్, అంతే. మధ్యలో సాఫ్ట్‌వేర్ వేసుకోమన్నా, పాస్‌వర్డ్ అడిగినా, కార్డు నంబర్ అడిగినా అక్కడితో ఆ ట్యాబ్ మూసేయండి.

సమస్య: పేజీ నిండా డౌన్‌లోడ్ బటన్లే, ఏది నొక్కినా కొత్త ట్యాబ్ తెరుచుకుంటోంది

వాటిలో చాలావరకు యాడ్సే. మౌస్ బటన్ మీద పెట్టి నొక్కకుండా ఆగితే బ్రౌజర్ కింద మూలలో అసలు అడ్రస్ కనిపిస్తుంది, ఫోన్లో అయితే లింక్‌ని నొక్కి పట్టుకోండి. సంబంధం లేని సైట్ పేరు ఉంటే అది మీ ఫైల్ కాదు. యాడ్ బ్లాకర్ ఉంటే సగం గోల తగ్గుతుంది. నోటిఫికేషన్స్‌కి అలౌ నొక్కమంటే మాత్రం వద్దు, ఇప్పటికే నొక్కేసి ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్స్‌కి వెళ్లి తీసేయండి, రోజూ వచ్చే ఆ దొంగ వైరస్ హెచ్చరికలు ఆగిపోతాయి.

సమస్య: "మీరు మనిషేనా" అని అడిగి, విండోస్ కీ, ఆర్ నొక్కి ఏదో పేస్ట్ చేయమంటోంది

దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మీకు తెలియకుండానే ఆ పేజీ ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసేస్తుంది, మీరు ఆ కీలతో రన్ బాక్స్ (కమాండ్లు నడిపే చిన్న విండో) తెరిచి కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టగానే వైరస్‌ని మీ చేత్తో మీరే రన్ చేసినట్టు. క్లిక్‌ఫిక్స్ అంటారు ఈ మోసాన్ని. నిజమైన క్యాప్చా (మనిషో కాదో చూసే పరీక్ష) ఏదీ బ్రౌజర్ బయటికి వెళ్లి కీలు నొక్కమనదు. అక్కడ రిపేర్ చేయడానికి ఏమీ లేదు, ట్యాబ్ మూసేయడమే.

సమస్య: ఫైల్ దిగింది కానీ పీడీఎఫ్‌లా అనిపించట్లేదు

విండోస్ మామూలుగా ఫైల్ పేరులో చివరి ఎక్స్‌టెన్షన్‌ని దాచేస్తుంది, అందుకే "రిపోర్ట్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అని ఉన్నది మనకి "రిపోర్ట్ డాట్ పీడీఎఫ్" అనే కనిపిస్తుంది. ఈఎక్స్ఈ అంటే డాక్యుమెంట్ కాదు, తెరవగానే నడిచే ప్రోగ్రామ్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి, ఇది అందరూ చేయాల్సిన పని. పాస్‌వర్డ్ ఉన్న జిప్ వస్తే అనుమానించండి, యాంటీవైరస్ లోపల చూడలేకపోవాలనే అలా పెడతారు. డౌట్ ఉంటే వైరస్‌టోటల్ అనే సైట్‌లో వేసి చూడొచ్చు, చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి స్కాన్ చేస్తుంది, కానీ సొంత కాగితాలు అక్కడ వేయకండి, వేసిన ఫైళ్లు వేరేవాళ్లకి కూడా అందుతాయి.

సమస్య: పీడీఎఫ్ పాడైంది, తెరుచుకోవట్లేదు అంటోంది

సైజు చూడండి. రెండొందల పేజీల పుస్తకం ఐదు కేబీ ఉందంటే వచ్చింది పుస్తకం కాదు, లాగిన్ పేజీయో ఎర్రర్ పేజీయో పీడీఎఫ్ పేరుతో సేవ్ అయ్యింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అసలు పీడీఎఫ్ శాతం గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది, అది లేకపోతే మళ్లీ అసలు సైట్‌కి వెళ్లి కొత్త లింక్ తీసుకోండి.

సమస్య: కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి, లేదా అసలు లేవు

డౌన్‌లోడర్ ఏ మాయా చేయదు, సైట్ మన బ్రౌజర్‌కి పంపిన పేజీలనే ఏరుకుని ఒక ఫైల్‌గా కుడుతుంది. సర్వర్ మసక పేజీ పంపితే ఇంకో పది టూల్స్ మార్చినా మసకే వస్తుంది. అందుకని నా సలహా, డాక్యుమెంట్ పూర్తి పేరుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన ఇంగ్లిష్‌లో filetype:pdf అని (మధ్యలో ఖాళీ లేకుండా) జోడించి గూగుల్‌లో వెతకండి, రాసినవాళ్ల సొంత సైట్లోనో యూనివర్సిటీ సైట్లోనో ఫ్రీగా దొరకొచ్చు. రీసెర్చ్ పేపర్ అయితే, చట్టబద్ధంగా ఫ్రీగా ఉన్న కాపీని వెతికిచ్చే అన్‌పేవాల్ చూడండి, లేదా రచయితకే మెయిల్ పెట్టండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. పాత పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. అమ్మకంలో ఉన్న పుస్తకమైతే కొనడమో లైబ్రరీలో తీసుకోవడమో న్యాయం, అది ఒకరి కష్టం.

సమస్య: తెలుగు కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి

ఫైల్ బహుశా పాత నాన్ యూనికోడ్ ఫాంట్‌లో (ఇప్పుడు అన్నిచోట్లా వాడే అక్షరాల కోడ్ కాకుండా సొంత కోడ్ వాడేది) ఉండొచ్చు. అసలు సెలెక్టే కాకపోతే పేజీలన్నీ బొమ్మలు. రెండిటికీ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలని చదివి టెక్స్ట్‌గా మార్చడం) చేయాలి, టెస్సరాక్ట్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ తెలుగు చదువుతుంది, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి ఫైల్ బయటికి పోదు. ఆన్‌లైన్ కన్వర్టర్లతో ఆ భయం ఉంది, ఫ్రీ కన్వర్టర్ల పేరుతో వైరస్ ఎక్కించడం, అప్‌లోడ్ చేసిన ఫైళ్లలోంచి వివరాలు లాగడం జరుగుతోందని 2025 మార్చిలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీస్ హెచ్చరించింది.

సమస్య: అనుమానం ఉన్న ఫైల్‌ని ఇప్పటికే రన్ చేసేశారు

నెట్ కట్ చేయండి. వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ కొట్టండి, ఎందుకంటే ఇలాంటి వైరస్‌లు లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్‌లో దాచే గుర్తులు) కూడా ఎత్తుకెళ్తాయి, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సరిపోదు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, అప్పటికీ అనుమానం పోకపోతే ముఖ్యమైన ఫైళ్లు పక్కకి తీసి విండోస్ కొత్తగా వేసుకోవడమే.