ఊరికి ఫోన్ కలవట్లేదా? ముందు నంబర్ చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి దుబాయ్, షార్జాలకు కొత్తగా వచ్చే మనవాళ్లు రూముకు చేరగానే చేసే మొదటి పని కొత్త సిమ్ వేసుకుని ఇంటికి ఫోన్ కొట్టడం. ఫోన్ కలవదు. సిమ్ పనిచేస్తలేదేమో, ఇంట్లో ఏమైనా అయిందేమో అని టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు సిమ్ బాగానే ఉంటుంది, సేవ్ చేసుకున్న నంబరే సరిగా ఉండదు.

ఊళ్లో పది అంకెలు కొడితే చాలు. ఇక్కడి సిమ్‌తో అవే అంకెలు కొడితే నెట్‌వర్క్ దాన్ని ఈ దేశపు నంబరే అనుకుంటుంది. ముందు ప్లస్, ఆ తర్వాత ఇండియా కోడ్ 91, ఆపైన పది అంకెలు ఉండాలి. ముందు సున్నా ఉంటే తీసేయండి. మనవాళ్లు ఎక్కువగా తిప్పలు పడేది ఈ సున్నాతోనే. ముంబై, పుణెలకు పనికి పోయినవాళ్లకు ఫోన్ చేయాలంటే ఒకప్పుడు ముందు సున్నా కొట్టాల్సి వచ్చేది. పాలమూరు ఇళ్లలో అలా దాచుకున్న నంబర్లు ఇంకా ఉన్నాయి. వాటికి 91 తగిలించి, సున్నా అలాగే వదిలేస్తే ఫోన్ పోదు. ల్యాండ్‌లైన్‌కూ ఇంతే. నల్లగొండ కోడ్ 08682 కదా, ఇక్కడి నుంచి +91 8682. మహబూబ్‌నగర్‌కు +91 8542. మధ్యలో ఖాళీలున్నా, గీతలున్నా ఏమీ కాదు.

సున్నాను కాసేపు నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. గల్ఫ్‌లో ప్లస్‌కు బదులు 00 కొట్టినా కలుస్తుంది. అమెరికాలో అయితే 011 కొట్టాలి. ప్లస్‌తో సేవ్ చేసుకుంటే ఏ దేశం పోయినా మార్చే పని లేదు.

అందుకే శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే అమ్మానాన్నల, తోబుట్టువుల, ఏజెంటు నంబర్లన్నీ మార్చుకోండి. +91 ఉన్నా ఇండియాలో మామూలుగానే కలుస్తాయి. నంబర్లు సిమ్‌లో ఉన్నాయా, ఫోన్‌లో ఉన్నాయా కూడా చూసుకోండి. సిమ్‌లో ఉన్నవి ఆ సిమ్ తీయగానే కనిపించవు. నాలుగు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి.

వాట్సాప్‌ను ఇక్కడి నంబర్‌కు మార్చుకున్నాక ఊరివాళ్ల పేర్లు కనిపించకపోతే కారణం నంబర్‌కు ముందు 91 లేకపోవడమే. 91 చేర్చి, కాంటాక్ట్స్ రిఫ్రెష్ చేస్తే వస్తాయి.

ఇంటి దగ్గరి ఫోన్ సంగతి కూడా చూడాలి. ఇక్కడివాళ్లు తమ నంబర్‌ను 05తో చెప్తారు. నేనూ మా అమ్మకు అలాగే చెప్పాను. ఆమె తన బటన్ల ఫోన్‌లో ఈ దేశపు కోడ్ 971 కొట్టి, వెనకాల ఆ సున్నాతో సహా ఎక్కించుకుంది. వారం రోజులు కొడుతూనే ఉంది. ‘‘నీ ఫోను కలుస్తనే లేదు బిడ్డా’’ అని నేను చేసినప్పుడు ఏడ్చింది. తర్వాత మా తమ్ముడు నా కాల్ వచ్చిన లిస్టులోంచే నంబర్ తీసి సేవ్ చేశాడు. అందులో +971 తర్వాత నేరుగా 5 ఉంది. మీరూ ఇలాగే చేయించండి. ఇంట్లోవాళ్ల మామూలు రీఛార్జ్‌లో ఐఎస్‌డీ (విదేశాలకు కాల్ చేసే వీలు) ఉండదని ముందే చెప్పండి, అది లేకపోతే నంబర్ సరిగ్గా ఉన్నా కాల్ రాదు.