పిట్టల ఫొటోలు దిద్దుకుందాం – 5వ పాఠం: షార్ప్‌గా లేదంటే ఏమైనట్టు?

ఈసారి తెల్ల కొంగల తెలుపు కాపాడుకోవడం గురించి చెప్తానని మాటిచ్చాను. అది ఆరో పాఠానికి పోయింది. మీరు పంపిన ఫొటోలు, వాటి మీద నేను ఇద్దరిద్దరిగా కలిపిన జోడీలు ఒకరికొకరు రాసుకున్న అభిప్రాయాలు చూశాక, ముందు ఈ గొడవ తేల్చకపోతే లాభం లేదనిపించింది.

తప్పు సగం నాదే. నాలుగో పాఠంలో షార్పెనింగ్ స్లైడర్ (ఫొటోలో అంచులను తేటగా చూపించే మీట) గురించి చెప్తూ "ఈకలు విడివిడిగా కనిపించే దాకా జరపండి" అని రాశాను. ఎక్కడ ఆపాలో రాయలేదు. ఇంకేముంది, నీటికాకుల చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి అంచు వచ్చింది. వెనక ఆకాశం ఇసుక చల్లినట్టు గరుకు తేలింది. ఒకరి గిజిగాడి గూడైతే ఇనుప తీగలతో అల్లినట్టుంది. ఆ "జరపండి" అన్న మాట రాసింది ఇరవై ఏళ్లు నల్లగొండలో పెళ్లి ఆల్బమ్‌లు చేసిన నా చెయ్యి. అక్కడ స్లైడర్ సగంలో ఆపితే "పైసలు తీసుకొని ఏం చేసినవ్?" అనేవాళ్లు. ఆ అలవాటు పిట్టల దగ్గర పనికిరాదని నాకే ఆలస్యంగా తెలిసింది.

రెండో సగం మీది. జోడీ ఫొటో చూసి ఒక్క లోపం చెప్పమన్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే వాక్యం: "ఫొటో షార్ప్‌గా లేదు." మిగతావి "సూపర్ అన్నా". దేవరకొండ వైపు నుంచి ఒక టీచరమ్మ పసిరిక పిట్ట ఫొటో పంపారు. ఆమె జోడీ కాలేజీ పిల్లవాడు. "అక్కా, షార్ప్‌గ లేదు" అని రాశాడు. ఆమె స్లైడర్ ఇంకాస్త జరిపి పంపారు. మళ్లీ అదే మాట. ఇంకోసారి జరిపారు, ఇంకోసారి అదే మాట. ఆ తర్వాత ఆమె జవాబివ్వడం మానేశారు.

నేను ఆ ఫొటో అసలు ఫైలు తెప్పించుకుని నూరు శాతానికి జూమ్ చేసి చూశాను. పిట్టకు మూరెడు ముందున్న తుమ్మ కొమ్మ మీద ముల్లు ముల్లూ లెక్కపెట్టొచ్చు. పిట్ట కన్ను మాత్రం మసక. ఫోకస్ కొమ్మ మీద పడింది, అంతే. పిల్లవాడు రాయాల్సింది ఇది: "అక్కా, ఫోకస్ ముందున్న తుమ్మ కొమ్మ మీద పడ్డది. ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టి, అది కంటి మీద ఉంచి మళ్లొకసారి తీసి చూడండి." అలా రాసి ఉంటే ఆమె మర్నాడు పొద్దున్నే ఆ కొమ్మ దగ్గరికి వెళ్లేవారు.

పత్తి బాలేదని మందుల షాపుకు పోయి నిలబడితే షాపాయన ఏం అడుగుతాడు? ఆకు ముడుచుకుందా, ఎర్రబడిందా, కాయ రాలుతుందా అంటాడు. "షార్ప్‌గా లేదు" అన్నవాళ్లని నేనూ అలాగే అడుగుతాను. ఆ ఒక్క మాట కింద కనీసం అరడజను వేర్వేరు జబ్బులున్నాయి. షార్పెనింగ్ స్లైడర్ వాటిలో ఒక్కదానికీ మందు కాదు. ఉన్న స్పష్టతను కాస్త ఎత్తి చూపిస్తుంది గానీ లేనిదాన్ని పుట్టించదు.

ఫోకస్ తప్పిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఫొటోలో ఇంకెక్కడో ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది: ముందు తుంగ గడ్డి, వెనక రాయి, లేదా పిట్టదే తోక. దాన్ని వెతకండి. ఎక్కడా ఏదీ స్పష్టంగా లేకపోతే, అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. నీళ్ల మీద మెరిసే చుక్కలు చూడండి, అవి చుక్కల్లా కాక ఒకే వాలున చిన్న గీతల్లా ఉంటాయి. 400 ఎంఎం లెన్సు చేత్తో పట్టుకుని షట్టర్ స్పీడు 1/200 సెకను దగ్గర తీస్తే అంతే. 1/800కి తక్కువ పోకండి. తల స్పష్టంగా ఉండి రెక్క కొసలు మాత్రం చెదిరితే పిట్ట కదిలింది. దాన్ని నేను లోపం అనను. తీతువు లేచేటప్పుడు రెక్క కొస చెదరడం నాకిష్టం కూడా. మీకు గడ్డకట్టినట్టు కావాలంటే 1/2000, ఇంకా పైకి.

ఇక నన్ను సతాయించే జబ్బు ఇంకొకటుంది. సెగ.

పోయిన నెల నల్లగొండ పక్క పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద నుంచి తీసిన ఫొటోలు చాలా వచ్చాయి. అవతలి ఒడ్డున నత్తగుల్ల కొంగలు, పొద్దున పదిన్నర, కట్ట రాళ్లు అప్పటికే కాలుతున్నాయి. అందరి ఫొటోల్లోనూ కొంగల కాళ్లు వంకర్లు. ఒకరు లెన్సు పాడైందని హైదరాబాద్ పంపించారట. లెన్సుకేం కాలేదు. వేడెక్కిన రాతి మీద, నేల మీద గాలి పొరలు పొరలుగా వేర్వేరు వేడితో ఉంటుంది. వాటి గుండా వచ్చే వెలుగు తలా ఒక దిక్కుకు వంగుతుంది. తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది కూడా ఈ వంపుతోనే. లెన్సు పెద్దదైతే ఆ వంకర కూడా పెద్దదై కనిపిస్తుంది. ట్రైపాడ్ వేసినా ఆగదు. గుర్తుపట్టే ఉపాయం: వరసగా తీసిన పది ఫొటోలు పక్కపక్కన పెట్టండి. ఫోకస్ తప్పితే పదీ ఇంచుమించు ఒకేలా మసకగా ఉంటాయి. సెగైతే ఒక్కోదాంట్లో ముక్కు ఒక్కో ఆకారంలో ఉంటుంది, మధ్యలో ఒకటి అదృష్టవశాత్తు కాస్త తేరుకుంటుంది.

"పొద్దున్నే పోతే సరిపోతుంది కదా సార్" అంటారు. ఒక్కోసారి సరిపోదు. చలికాలం తెల్లవారుజామున చెరువు నీళ్లు వెచ్చగా, పైన గాలి చల్లగా ఉంటాయి. అప్పుడూ నీటి మీదుగా దూరం తీస్తే ఇదే వంకర. కోయిల్‌సాగర్ దగ్గర నాకు ఒక పొద్దంతా ఇలాగే పోయింది. కారులో హీటర్ వేసుకుని అద్దం దించి తీసినా అంతే, లోపలి వేడి గాలి లెన్సు ముందునుంచే బయటికి పోతుంది. అసలు మందు దూరం తగ్గించడం. దగ్గరికి రాని కొంగను దూరం నుంచి కళ్లతో చూసుకుని రండి. దగ్గర కోసం గూళ్ల మీదికి పోవద్దు, ఆ ఫొటోలు నేను తెరవను.

దిద్దుడు వల్లే వచ్చే మసక కూడా ఉంది. సాయంత్రం వెలుగు చాలక ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 6400 పెట్టి, తర్వాత నాయిస్ (దానివల్ల వచ్చే గరుకు చుక్కలు) తగ్గించే స్లైడర్ చివరిదాకా లాగితే లకుముకి పిట్ట మైనం బొమ్మవుతుంది. ఛాతీ మీద ఈకల గీతలు కనిపించడం ఆగిన చోటుకు కాస్త ముందే ఆగండి. క్రాప్, అంటే ఫొటో అంచులు కత్తిరించడం, సంగతి మీకు తెలిసిందే, ఒక లెక్క మాత్రం చెప్తాను. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000 × 4000. అందులో పిట్ట వెడల్పు 500 పిక్సెళ్లే ఉంటే, అంగుళానికి 300 చొప్పున ప్రింటు వేస్తే ఆ పిట్ట రెండంగుళాలు కూడా రాదు. అది షార్ప్ కాకపోవడం కాదు, చిన్నగా ఉండడం. ఇంకొకటి, మీలో చాలామంది జోడీకి వాట్సాప్‌లో ఫొటోగా పంపారు. అది దారిలోనే కుదించుకుపోయింది. చూసినవాళ్లు తిట్టింది మీ ఫొటోను కాదు, దాని ఎండిన రూపాన్ని. డాక్యుమెంట్‌గా పంపండి.

షార్పెనింగ్ ఎక్కడ ఆపాలో ఇప్పుడైనా రాస్తాను. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో నేను అమౌంట్ (మోతాదు) 50 దాటను, రేడియస్ (అంచు వెడల్పు) 1 లోపే. షార్పెనింగ్ ఎక్కడ పడాలో చెప్పే మాస్కింగ్ స్లైడర్‌ను కంప్యూటర్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని జరిపితే ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా ఉన్నచోటే షార్పెనింగ్ పడుతుంది. ఆకాశం, నీళ్లు పూర్తిగా నల్లబడే దాకా జరపండి. ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్‌తో చేసేవాళ్లు అందులోని స్ట్రక్చర్ స్లైడర్ జోలికి పోకండి. నాకు అది నచ్చదు, కారణం అడగొద్దు.

దసరాకు వచ్చిన పాలపిట్టల ఫొటోల గురించి రెండు మాటలు. మన తెలంగాణ రాష్ట్ర పక్షి అని ప్రేమ ఉండాల్సిందే. కానీ దాని ఛాతీ నీలం కాదు, గులాబీ కలిసిన గోధుమ రంగు. కూర్చున్నప్పుడు నీలం చాలావరకు ముడుచుకునే ఉంటుంది, ఎగిరితేనే రెక్క విప్పి చూపిస్తుంది. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచి కూర్చున్న పిట్టను నిలువునా నీలంలో ముంచితే అది పాలపిట్ట కాకుండా పోతుంది. జోడీల్లో ఒక్కరూ ఈ మాట అనలేదు, అందరూ "రంగులు మస్తున్నయ్" అన్నారు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే. మీరు పనికిరావని పక్కన పడేసిన ఫొటోలు ముప్పై తీయండి. ఏ స్లైడరూ ముట్టుకోకుండా నూరు శాతంలో చూసి ఒక్కోదానికి జబ్బు పేరు కాగితం మీద రాయండి: ఫోకస్, చెయ్యి, పిట్ట కదలిక, సెగ, నాయిస్, చిన్నది. పక్కన రుజువు కూడా రాయాలి, ఫొటోలో ఎక్కడ చూసి ఆ మాట అన్నారో. అవే ముప్పై మీ జోడీకి డాక్యుమెంట్‌గా పంపి, మీ కాగితం చూపించకుండా వాళ్లతోనూ రాయించండి. "షార్ప్", "సూపర్", "బాగుంది" అనే మూడు మాటలు ఇద్దరి కాగితాల్లోనూ ఉండకూడదు. ఇద్దరూ ఒకే జబ్బు రాసినవి నాకు పంపనక్కర్లేదు. తేడా వచ్చినవి మాత్రమే, రెండు కాగితాలతో సహా పంపండి. టీచరమ్మా, మీ జోడీ పిల్లవాడికి నేను చెప్పాను, తుమ్మ కొమ్మ సంగతి ఈసారి తనే రాస్తానన్నాడు.