యూపీఎన్‌పీ వెతుకులాటలో ఖాళీ జాబితా: నాకు పనిచేసిన పరిష్కారం

ఇంటి పరికరాలను వెతికే యూపీఎన్‌పీ (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి కనుగొనే పద్ధతి) లైబ్రరీతో నేను రాసిన ప్రోగ్రామ్, నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఏ ఎర్రరూ చూపకుండా ఖాళీ జాబితానే ఇచ్చేది. అదే వైఫైలో ఉన్న ఫోన్‌కు మాత్రం టీవీ, స్పీకరు చక్కగా కనిపించేవి. ఫైర్‌వాల్ ఆపాను, రౌటర్ రీస్టార్ట్ చేశాను, లైబ్రరీ వెర్షన్ మార్చాను, వేచి ఉండే సమయం పెంచాను, ఏదీ ఫలించలేదు.

చివరికి, నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్‌లో అన్ని ఇంటర్‌ఫేస్‌లనూ (వైఫై, కేబుల్ వంటి నెట్‌వర్క్ మార్గాలను) కలిపి, యూపీఎన్‌పీ వెతుకులాట వాడే 1900 పోర్టుకు ఫిల్టర్ పెట్టి చూశాను. యూపీఎన్‌పీ మల్టీకాస్ట్ గ్రూపు (చాలా పరికరాలు ఒకేసారి వినే ఉమ్మడి అడ్రస్) అయిన 239.255.255.250కి ఎం-సెర్చ్ (పరికరాలను వెతికే) ప్యాకెట్లు వెళుతూనే ఉన్నాయి గానీ, వాటి సోర్స్ అడ్రస్ 10.8తో మొదలవుతోంది. అది వైఫైది కాదు, నేను ఆన్ చేసి మరచిపోయిన వీపీఎన్‌ది. ఇంటర్‌ఫేస్ ఏదో మనం చెప్పకపోతే, కెర్నల్ రూటింగ్ టేబుల్‌ను (ఏ ప్యాకెట్ ఏ దారిన వెళ్లాలో చెప్పే పట్టికను) బట్టి తానే ఒకటి ఎంచుకుంటుంది.

వీపీఎన్ ఆపితే సరిపోయేదే, కానీ పనికి అది అవసరం. కాబట్టి ముందు వైఫై ఇంటర్‌ఫేస్ ఐపీ అడ్రస్ తెలుసుకుని, డాక్యుమెంటేషన్ ఉదాహరణలో ఖాళీగా వదిలేసిన ఇంటర్‌ఫేస్ ఆర్గ్యుమెంటులో దాన్ని ఇచ్చాను. వెంటనే టీవీ జాబితాలోకి వచ్చింది. అయినా, పరికరాలు తమంతట తాము పంపే నోటిఫై సందేశాలు అందలేదు. పంపడానికీ, మల్టీకాస్ట్ గ్రూపులో చేరడానికీ సాకెట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) ఆప్షన్లు వేర్వేరని అప్పుడే గుర్తొచ్చింది. చేరేటప్పుడు కూడా అదే అడ్రస్ ఇచ్చాక అవీ వచ్చాయి. ఐపీ మారవచ్చు కనుక, ఇప్పుడు ఇంటర్‌ఫేస్ పేరు నుంచి ప్రతిసారీ అడ్రస్ తీసుకుంటున్నాను.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. ఫోన్‌కు కూడా పరికరాలు కనిపించకపోతే, రౌటర్‌లో క్లయింట్ ఐసోలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో ముందు చూడడం మంచిది.