గోల్కొండ కొండపై రామదాసు బందీఖానా: మన జిల్లాల యాత్రికులు తీసుకోవలసిన జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాదు వెళ్లే కుటుంబాలలో ఇంటి పెద్దలు కూడా ఉన్నట్లయితే, గోల్కొండను కోటగా కంటే రామదాసు ఖైదుగా చూడాలన్న కోరికే ముందుంటుంది. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించినందుకు, కుతుబ్‌షాహీ వంశపు చివరి ప్రభువైన అబుల్ హసన్ తానీషా కాలంలో పన్నెండేళ్లు ఇక్కడ బందీగా ఉన్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. రామతీర్థాన్ని ఉత్తరాంధ్ర భద్రాద్రిగా కొలిచే మన వైపు వారికి ఆ గది మీద భక్తి ఉండడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ గది కొండ మీద ఉందన్న సంగతి చాలామందికి టికెట్టు కొని లోపలికి వెళ్లాకగాని తెలియదు. పైగా పిల్లల సెలవులను బట్టి ప్రయాణం పెట్టుకుంటారు కనుక, ఎక్కువమంది అక్కడికి చేరేది ఏప్రిల్, మే నెలల్లోనే.

కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు. శిఖరం దాకా సుమారు 360 మెట్లు ఉంటాయని చెబుతారు. ఆ మెట్లు గుడి మెట్లలాగా ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి జానెడు ఉంటే మరొకటి మోకాలి దాకా వస్తుంది, మధ్యలో ఏటవాలు బండలు కూడా తగులుతాయి. బయలుదేరడానికి నెల ముందు సాలిహుండం కొండనో, రామతీర్థంలోని బోడికొండనో ఉదయం పూట ఒకసారి ఎక్కి చూడడం మంచిది. అక్కడ నాలుగైదు చోట్ల కూర్చోవలసి వచ్చినవారు, మాట్లాడుతుంటే ఆయాసం అడ్డుపడినవారు గోల్కొండలో శిఖరం ఊసెత్తకూడదు. ఆరు నెలల లోపు గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, మోకాలి మార్పిడి జరిగినవారు, నెలలు నిండుతున్న గర్భిణులు వైద్యుని అడగకుండా ఎక్కడం తగదు.

నా దృష్టిలో పెద్దలకు చెప్పవలసిన మొదటి మాట ఇది: మీరు వచ్చింది బందీఖానా కోసమైతే శిఖరం ఎక్కనక్కరలేదు. ఆ గది ఎక్కే దారిలోనే, అంబర్‌ఖానా అనే పాత ధాన్యాగారం దాపున వస్తుంది. అక్కడ దర్శనం చేసుకుని, కాసేపు నీడలో కూర్చుని, వచ్చిన దారినే దిగిపోవచ్చు. ‘ఇంత దూరం వచ్చి పైకి వెళ్లకపోతే ఎలా’ అని కుర్రవాళ్లు తొందరపెడతారు. ఆ మాటకు మొహమాటపడి ఎక్కడం వల్లనే పెద్దలకు ఎక్కువగా ఇబ్బంది కలుగుతుంది. బందీఖానా దగ్గర ఎవరు ఆగిపోతారో, వారికి తోడుగా ఎవరు ఉంటారో బసలో ఉండగానే నిర్ణయించుకోవాలి.

ఎండ విషయంలో మన తీరప్రాంతం వారు తేలిగ్గా మోసపోతారు. మన దగ్గర మే నెలలో ఉక్కపోత. ఒంటి మీద చొక్కా తడిసిపోతుంటే దాహం గుర్తుకు వస్తుంది. హైదరాబాదు ఎండ పొడి ఎండ కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమట కనిపించదు కనుక ‘మన ఊరి కంటే ఇక్కడే నయం’ అనిపిస్తుంది, నీళ్లు తాగాలన్న ధ్యాస ఉండదు, గంట తిరిగేసరికి తల తిరగడం, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. దాహం వేసినా వేయకపోయినా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ గాని ఓఆర్‌ఎస్ గాని వెంట ఉండాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లాన్ని లీటరు నీటిలో ఒకేసారి పూర్తిగా కలపాలి. సగం పొట్లం సీసాలో వేసి ఊపి తాగితే పాళ్లు తప్పుతాయి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే అలవాటున్నవారు ఆ రోజు కూడా మానవద్దు. మధుమేహం ఉన్నవారు ఏమీ తినకుండా మాత్ర వేసుకుని ఎక్కడం ప్రమాదకరం. జేబులో నాలుగు గ్లూకోజ్ బిస్కట్లు ఉండి తీరాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వారికి ఈ సలహాలన్నీ యథాతథంగా వర్తించవు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసినదే. ఆ జబ్బు ఉన్నట్టు తేలినవారు రోజుకు ఎంత నీరు తాగాలన్నది వైద్యుడే చెప్పి ఉంటాడు. ఎండలో తిరుగుతున్నామని దానిని మించి తాగినా, భయపడి అంతకంటే తగ్గించినా చిక్కే. కొబ్బరిబొండంలోనూ, ఓఆర్‌ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి బొండం తాగవద్దంటే వింతగానే ఉంటుంది గాని, దెబ్బతిన్న మూత్రపిండాలు ఆ పొటాషియాన్ని బయటకు పంపలేనప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డయాలసిస్ చేయించుకుంటున్నవారు వేసవిలో ఈ కొండ ఎక్కే ఆలోచన మానుకోవాలి.

మన స్టేషన్ల నుంచి సికింద్రాబాదు వైపు రైళ్లకు కొదవ లేదు. వాటిలో కొన్ని ఇప్పుడు చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి కనుక టికెట్టు మీద చివరి స్టేషను పేరు చూసుకోవాలి. ఆమదాలవలసలోనో, విజయనగరంలోనో ఎక్కి, రాత్రంతా నిద్ర సరిగా లేకుండా దిగినవారు ఆ రోజే కోటకు పోకూడదు. ఒక పూట విశ్రాంతి తీసుకుని, మరునాడు ఉదయం ద్వారం తెరవగానే లోపల ఉండాలి. వేసవిలో పదకొండు లోపు దిగిపోయేలా చూసుకోవాలి. ‘సాయంత్రం చల్లబడ్డాక వెళదాం’ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. పొద్దుటి నుంచి కాగిన నల్లరాతి బండలు నాలుగు దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. పైగా మూసే వేళ దగ్గరపడుతోందని తొందరలో మెట్లు దిగవలసి వస్తుంది.

చెప్పులు, బూట్ల ఎంపికను చిన్న విషయంగా తీసుకోవద్దు. అడుగున గాట్లు బాగా ఉన్న, మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి. హవాయి చెప్పులు, నున్నటి తోలు చెప్పులు ఆ అరిగిన రాతి మీద పట్టు ఇవ్వవు. ఆడవారు చీర కుచ్చెళ్లు రెండంగుళాలు పైకి కట్టుకుంటే, దిగేటప్పుడు కాలికి అడ్డం పడవు. పైన మహాకాళి అమ్మవారి గుడి దగ్గర చెప్పులు విప్పవలసి ఉంటుంది, కొందరు బందీఖానా గుమ్మంలో కూడా భక్తితో విప్పుతారు. మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద అరికాళ్లు పొక్కుతాయి కనుక ఒక జత మందపాటి మేజోళ్లు సంచిలో వేసుకోవాలి. చంటిపిల్లలను చంకనెత్తుకుని ఎక్కేవారు రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకోవాలి, అందులో ఫోను ఉండకూడదు.

బందీఖానాలోకి అడుగు పెట్టే క్షణమే ఈ ప్రయాణమంతటిలో ఎక్కువగా తడబడే చోటు. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల పైకప్పు కంతలోంచి దిగే కాస్త వెలుతురు. కంటిపాప చీకటికి అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. శుక్లాలు ముదిరిన పెద్దలకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. గుమ్మం దాటిన వెంటనే ముందుకు నడవకుండా, గోడను ఒక చేత్తో తాకుతూ పక్కకు జరిగి నిలబడాలి. వెనుక వచ్చేవారికి దారి వదలడం కూడా అవసరమే. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి టార్చి వెలుతురు గోడల మీద కంటే ముందు కాళ్ల దగ్గర పడాలి. కన్ను కుదుటపడ్డాక గోడ మీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని మోటు రూపాలు ఒక్కొక్కటిగా తేలుతాయి. శిల్పి చేతి నునుపు వాటిలో లేదు, రామదాసే చెక్కుకున్నాడని ప్రతీతి. వాటిని తడమడం, నూనె పూయడం, కర్పూరం వెలిగించడం చేయకూడదు. గాలి ఆడని గదిలో పొగ నిండితే ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి అందదు, రాతికి మసి పడుతుంది. గోడల మీద పేర్లు గీకేవారికి, 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఖైదు చూడబోయి ఖైదు తెచ్చుకునే ఈ సరదాకు పిల్లలను ముందే దూరంగా ఉంచాలి. లోపల జనం ఎక్కువగా ఉంటే బయటే ఆగి, ఒక జట్టు వచ్చాక మరొక జట్టు వెళ్లాలి.

శిఖరం దాకా వెళ్లేవారు పిట్టగోడల మీద కూర్చోకూడదు, వాటి కొసన నిలబడి ఫోటోలు దిగకూడదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడిని తట్టుకుని, చివరికి లోపలివాడు తలుపు తీస్తేగాని ఔరంగజేబు సేనకు లొంగని కోట ఇది. ఆ గోడలు శత్రువును ఆపడానికి కట్టినవి కాబట్టి, సందర్శకుడు పడకుండా కాచే కమ్మీలు అన్నిచోట్లా ఉంటాయనుకోవద్దు. (రామదాసును బంధించిన తానీషా కూడా ఆ తరువాత దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు.) ఎత్తైన కమానుల కింద తేనెపట్టు కనిపిస్తే అక్కడ కేకలు, చప్పట్లు వద్దు. ద్వారం దగ్గర చప్పట్లు కొడితే శిఖరాన వినిపించే వింత ప్రసిద్ధమే గాని, పైన ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే పిలవవలసింది 108ని. ఎండదెబ్బ తగిలినవారికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంది. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. గుండెలో పట్టేసినట్టున్న మనిషిని నడిపించి దించవద్దు.

ఎండలు తగ్గాక జూన్‌లో వెళదామనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి వాన: నాచు పట్టిన రాయి తడిస్తే కాలు నిలవదు, ఉరుము వినిపిస్తే శిఖరం వదిలి కట్టడం లోపలికి చేరి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. రెండోది బోనాలు. ఆషాఢంలో హైదరాబాదు బోనాలు మొదలయ్యేది ఈ కోటలోని అమ్మవారి దగ్గరే, ఆదివారాలు, గురువారాలు ఇసుక వేస్తే రాలని జనం ఉంటారు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడిన వారికి జనమంటే భయం ఉండదు గాని, ఆ తోపులాట చదునైన వీధిలో. ఇక్కడ మెట్ల మీద. బోనాలు చూడడానికే వచ్చినవారి సంగతి వేరు, బందీఖానా కోసం వచ్చేవారు ఆ రోజులను తప్పించుకోవాలి. అసలు కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న కాలమే మన పెద్దలకు సరైనది.

దిగడం ఎక్కడం కంటే కష్టం. ఎక్కేటప్పుడు ఆయాసం మనిషిని ఆపుతుంది. దిగేటప్పుడు ఆపేది ఏదీ ఉండదు, బరువంతా మోకాలి చిప్పల మీద పడుతుంది, కాళ్లు వణకడం మొదలయ్యాకే అలసట తెలుస్తుంది. పెద్దవారు ఊతకర్రను ముందు మెట్టు మీద ఆనించి, నొప్పి ఉన్న కాలిని ముందుగా దించి, రెండో కాలిని దాని పక్కకు తెచ్చుకోవాలి. తోడు మనిషి వారి పక్కన కాక ఒక మెట్టు కింద నడవాలి. శిఖరం నుంచి తారామతి మసీదు మీదుగా రాణీమహళ్ల వైపు దిగే మరో దారి ఉంది. బందీఖానా దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి వెళ్లినవారు ఆ దారిన దిగితే వారిని కలుసుకోలేరు.

ఆ రాత్రి మోకాళ్లు సలుపుతాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చే నొప్పి మాత్రలలో చాలావరకు, నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలను దెబ్బతీసేవే. ఉద్దానం వారు వాటి జోలికి అసలే పోకూడదు, బీపీ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వేసుకోకూడదు. మోకాళ్లకు గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పెట్టుకుని, కాళ్ల కింద దిండు వేసుకుని పడుకుంటే చాలామందికి రెండు రోజుల్లో తగ్గుతుంది. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, పూట గడిచినా రాకపోయినా, ఊరికి వెళ్లాక చూపించుకుందామని రైలెక్కకుండా హైదరాబాదులోనే ఆసుపత్రికి వెళ్లాలి.