పేగు వాపు జబ్బు ఉండి సీబీడీ నూనె మొదలుపెట్టాలనుకుంటున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

గంజాయి మొక్క నుంచి తీసే, మత్తెక్కించని సీబీడీ అనే పదార్థం వాపు తగ్గిస్తుంది, పేగులోని మంచి బ్యాక్టీరియాను పెంచుతుంది అనే మాట క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్ల దగ్గరికి ఎక్కడినుంచో ఒకచోట నుంచి వచ్చి చేరుతూనే ఉంటుంది. ఎలుకల్లో ఆ మాటకు ఆధారాలు ఉన్నాయి. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. 2021లో వెలువడ్డ ఒక పరీక్షలో 56 మంది క్రోన్స్ రోగులకు ఎనిమిది వారాలపాటు సీబీడీ ఎక్కువగా, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) కొద్దిగా ఉన్న నూనె, లేదా ఉత్తి నూనె ఇచ్చారు. అసలు నూనె తీసుకున్నవాళ్లకు నొప్పి, విరేచనాలు తగ్గి ప్రాణం తేలికపడింది. కానీ ఎండోస్కోపీలో పుండ్లు మానలేదు. అంతకుముందు 2017లో రోజుకు రెండుసార్లు 10 మిల్లీగ్రాముల సీబీడీ ఒక్కటే ఇచ్చి చూస్తే లక్షణాల్లో కూడా తేడా రాలేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నొప్పి తగ్గగానే జబ్బు తగ్గిందనుకుని అసలు మందు మానేస్తారు. లోపల వాపు మాత్రం కొనసాగుతూనే ఉంటుంది.

ఎందుకిలా అంటే, మన ఒంట్లోనే ఆనందమైడ్, 2-ఏజీ అనే కానబినాయిడ్లు, అంటే గంజాయిలోని పదార్థాల్లాంటివి, తయారవుతాయి. అవి పనిచేసే తాళాల్లాంటి గ్రాహకాలు రెండు. సీబీ1 ఎక్కువగా నరాల మీద, పేగు గోడలోని నరాల మీద కూడా ఉంటుంది. సీబీ2 ఎక్కువగా రోగనిరోధక కణాల మీద ఉంటుంది. టీహెచ్‌సీ సీబీ1ను పట్టుకుని నొప్పిని, వికారాన్ని, పేగు కదలికను తగ్గిస్తుంది. కదలిక తగ్గితే విరేచనాలూ తగ్గుతాయి. అంతమాత్రాన పుండు మానినట్టు కాదు. సీబీడీకి ఈ రెండు గ్రాహకాలతో గట్టి పట్టు లేదు, అది వేరే దారుల్లో పనిచేస్తుంది.

అందుకే మొదలుపెట్టకముందే వాపు ఎంతుందో చూపే పరీక్షలు, మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్, రక్తంలో సీఆర్‌పీ, చేయించి అంకెలు రాసిపెట్టుకోండి. క్యాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే మామూలు, 250 దాటితే వాపు చురుగ్గా ఉందన్న అనుమానం బలపడుతుంది. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చేయించండి. కడుపు హాయిగా ఉండి అంకె మాత్రం పైనే ఉంటే, ఆ హాయిని నమ్మకండి, డాక్టర్ని కలవండి. ఈ మధ్యలో స్టెరాయిడ్ గానీ, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ గానీ, ఇంజెక్షన్లు గానీ సొంతంగా తగ్గించడం, ఆపడం చేయొద్దు.

ఇక బ్యాక్టీరియా మాట. పేగు జిగురు పొరలో అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని ఎలుకలకు ఇస్తే పేగులో 2-ఏజీ పెరిగిందని 2013లో చూపించారు. కొవ్వు ఎక్కువ తినిపించిన ఎలుకల్లో టీహెచ్‌సీ ఇచ్చినా అక్కర్‌మాన్సియా పెరిగింది, వేరే ప్రయోగంలో సీబీ1ను మందుతో మూసేసినా పెరిగింది. ఒకదానికొకటి ఎదురైన పనులు రెండూ ఒకే ఫలితమిచ్చాయంటే ఈ లెక్క ఎంత చిక్కుముడో తెలుస్తుంది. కాబట్టి ఫలానా నూనె మంచి బ్యాక్టీరియాను పెంచుతుందన్న ప్రకటన చూసి కొనకండి, అది పెరిగిందో లేదో తేల్చుకోవడానికని మలం టెస్ట్ కిట్ల మీద డబ్బు పోయకండి. ప్రొబయాటిక్, కొత్త డైట్, సీబీడీ మూడూ ఒకే వారంలో మొదలుపెడితే ఏది మేలు చేసిందో, ఏది చెరుపు చేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

సీసా కొనేటప్పుడు లేబుల్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ఆన్‌లైన్‌లో అమ్మిన 84 సీబీడీ ఉత్పత్తులను 2017లో పరీక్షిస్తే రాసినంత మోతాదు ఉన్నవి 26 మాత్రమే. 18 వాటిలో టీహెచ్‌సీ కనిపించింది. సీసా మీది బ్యాచ్ నంబరే ల్యాబ్ రిపోర్టు మీదా ఉందా, ఆ రిపోర్టులో టీహెచ్‌సీ, పురుగుమందులు, సీసం, బూజు పరీక్షలు ఉన్నాయా చూడండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు బూజు చిన్న విషయం కాదు. గంజాయి ఆకు పొగ తాగితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీరున్న చోట చట్టం ఏమంటుందో కూడా ముందే కనుక్కోండి.

చక్కెర లేని గమ్మీల్లో సార్బిటాల్, జైలిటాల్ లాంటివి వేస్తారు. వాటివల్లే ఉబ్బరం, నీళ్ల విరేచనాలు రావచ్చు. సీబీడీని కలిపే ఎంసీటీ (ఎక్కువగా కొబ్బరి నుంచి తీసే కొవ్వు) నూనె కూడా అంతే. సీబీడీ సైతం విరేచనాలు తెస్తుంది, కాబట్టి అవి మొదలైతే జబ్బు తిరగబెట్టిందని వెంటనే కంగారు పడకండి. మూడు రోజులు ఆపి చూడండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మోతాదు లెక్క ఇలా. 10 మిల్లీలీటర్ల సీసా మీద 5 శాతం అని ఉంటే మొత్తం 500 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 50. చుక్కల సైజు డ్రాపర్‌ను బట్టి మారుతుంది. సూది లేని సిరంజిలో 1 మిల్లీలీటరు గీత దాకా చుక్కలు లెక్కపెట్టండి. 30 పడితే చుక్కకు సుమారు 1.7 మిల్లీగ్రాములు, 20 పడితే 2.5. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు ఆహారంగా తీసుకునే సీబీడీకి బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2023లో పెట్టిన హద్దు రోజుకు 10 మిల్లీగ్రాములు. కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరేది నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. ఒకరోజు పరగడుపున, మరోరోజు వేపుళ్లతో తీసుకుంటే రెండూ వేర్వేరు మోతాదులే. టీహెచ్‌సీ ఉన్నది మింగితే పట్టడానికి రెండు గంటలు కూడా పడుతుంది. ఏమీ అనిపించలేదని అరగంటకే మళ్లీ వేసుకున్నవాళ్లే ఆపదలో పడతారు.

మందులతో జాగ్రత్త ఇంకా ముఖ్యం. సీబీడీ కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైములను అడ్డుకుంటుంది. వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తం మరీ పల్చబడవచ్చు, రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు, మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి దెబ్బ. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ అసలే కాలేయాన్ని శ్రమపెట్టే మందులు. మూర్ఛకు వాడే సీబీడీ మందుకు పాటించే పద్ధతే మీరూ పాటించండి: మొదలుపెట్టే ముందు, తర్వాత ఒకటి, మూడు, ఆరు నెలలకు కాలేయ పరీక్ష. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ముట్టుకోవద్దు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

క్రోన్స్ వల్ల పేగు ఇరుకైపోయినవాళ్లు, తీవ్రమైన కొలైటిస్‌లో ఉన్నవాళ్లు టీహెచ్‌సీ జోలికి పోకండి. కదలిక తగ్గితే ఇరుకు దగ్గర అడ్డుపడుతుంది, వాచిన పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోతుంది. కడుపు బిగుసుకుని ఉబ్బడం, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం కనిపిస్తే ఆ రాత్రికే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చాలాకాలం గంజాయి ఎక్కువగా వాడేవాళ్లలో ఆగని వాంతుల జబ్బు వస్తుంది. వేడినీళ్ల స్నానం చేస్తుంటే కాసేపు ఉపశమనం దొరకడం దాని గుర్తు. వాంతి వస్తోందని ఇంకాస్త వాడితే ఇంకా ముదురుతుంది. పూర్తిగా మానేస్తేనే తగ్గుతుంది, అదీ కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ వారాల్లో నీళ్లు, లవణాలు తగ్గకుండా చూసుకోండి, మూత్రం తగ్గితే సెలైన్ పెట్టించుకోండి.