భూసేకరణలో రేటు తక్కువ కట్టారా? ముందు దస్తావేజులు తీయించండి

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకునేవాణ్ణి. పరిహారం తక్కువొచ్చిందని రైతులు ముందు నా బల్ల దగ్గరికే వస్తారు. “పక్క లేఅవుట్‌లో గజం ఎంత పలుకుతోందో చూడండి, మాకు ఎకరాకు ఇంతేనా?” అంటారు. కోపం సబబే, వాదన మాత్రం నిలవదు. ప్లాటు ధరలో రోడ్లకు పోయిన నేల, కాలువల ఖర్చు అన్నీ ఉంటాయి. ఎకరాల బీడుకు అదే రేటు చూపిస్తే కోర్టులు అభివృద్ధి ఖర్చు కింద మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే కోసేస్తాయి.

అసలు పట్టు 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. స్టాంపు చట్టం ప్రకారం ఉన్న రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అలాంటి భూముల సగటు అమ్మకం ధర, వీటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఈ సగటును గత మూడేళ్ల రిజిస్టర్డ్ దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం మీదే వేయాలి. పది ఉంటే పై అయిదు. అందుకే అవార్డు, అంటే పరిహారం ఎంతో తేలుస్తూ కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వు, కాపీ తీసుకుని, ఏ సర్వే నంబర్ల అమ్మకాలు లెక్కలోకి తీసుకున్నారో, వేటిని ఏ కారణంతో వదిలేశారో చూడండి.

తర్వాత ఈసీ (ఆ సర్వే నంబర్లలో జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించి, పనికొచ్చే దస్తావేజులకు సర్టిఫైడ్ కాపీలు పెట్టండి. నేనైతే ముందు తేదీ చూస్తాను: భూమి తీసుకోబోతున్నామని ముందుగా ప్రకటించే సెక్షన్ 11 నోటిఫికేషన్ కన్నా ముందుదై ఉండాలి. ఆ తర్వాత హద్దులు. తూర్పున “డొంక” అని ఉన్న పొలానికీ “తారు రోడ్డు” అని ఉన్న పొలానికీ పోలిక కుదరదు. అన్నదమ్ముల మధ్య రాసుకున్నది, నోటిఫికేషన్‌కు కాస్త ముందు ఉన్నట్టుండి రేటు పెరిగినది పక్కన పెట్టేస్తాను. ఇంకో చిక్కుంది. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని ఊరంతా తక్కువ ధర రాయించుకుంటే, సగటు కూడా తక్కువే వస్తుంది. రిజిస్టరైన అమ్మకపు అగ్రిమెంట్లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి వాటినీ వెతకండి.

డబ్బు తీసుకోవచ్చు. కానీ “అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని రాయకుండా సంతకం పెడితే 77వ సెక్షన్ ప్రకారం మళ్లీ అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు అక్కడుంటే ఆ రోజు నుంచి ఆరు వారాల్లోపు 64వ సెక్షన్ కింద కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. అక్కడ లేకపోతే గడువు లెక్క వేరు, లాయర్‌ను అడగండి. దరఖాస్తులో కారణాలు, సర్వే నంబర్లు, దస్తావేజు నంబర్లు రాయండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.